చెరకుకు ధర కట్టిన ప్రభుత్వం చికిత్సకు ఎందుకు కట్టదు?



2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ తొలగిపోయింది. సంతోషించదగిన విషయమే. అయినా పాలసీ పునరుద్ధరణ సమయం వచ్చేసరికి ప్రీమియం మళ్ళీ పెరిగిందని చాలామంది వాపోతున్నారు. వయసు పెరిగింది, మందుల ధరలు పెరిగాయి, కొత్త యంత్రాలు వచ్చాయి అని ఏజెంటు చెబుతాడు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే అతడు చెప్పని కారణం మరొకటి ఉన్నది: మీరు వెళ్ళే ఆసుపత్రికి యజమాని ఎవరన్నది.

హైదరాబాద్‌లో కేర్ ఆసుపత్రిని 1997లో డాక్టర్ బి. సోమరాజు గారు, ఆయన సహచర హృద్రోగ నిపుణులు స్థాపించారు. అబ్దుల్ కలాం గారితో కలసి తక్కువ ధరకు స్టెంటు తయారు చేసిన సోమరాజు గారే ఆయన. ఆ ఆసుపత్రి 2012 తరువాత అడ్వెంట్, అబ్రాజ్, టీపీజీ అనే విదేశీ పెట్టుబడి సంస్థల చేతులు మారి, 2023లో బ్లాక్‌స్టోన్‌ను చేరింది. 2024 నవంబరులో ఆస్టర్ సంస్థతో దాని విలీనం ప్రకటించారు. మరుసటి ఏడాది కాంపిటీషన్ కమిషన్ ఆమోదించింది. విజయవాడ, గుంటూరు వాసులకు తెలిసిన రమేష్ హాస్పిటల్స్‌లో అధిక వాటా 2016 నుంచి ఆస్టర్‌దే. అంటే కేర్, రమేష్ రెండూ ఒకే గొడుగు కిందికి చేరుతున్నాయన్న మాట. అంతకుముందు 2021లో కిమ్స్ సంస్థ సన్‌షైన్ ఆసుపత్రులలో సగానికి పైగా వాటా కొన్నది. ఇవన్నీ చట్టబద్ధంగా జరిగినవే. ఆ ఆసుపత్రులలో మంచి వైద్యులు ఉన్నారనడంలోనూ నాకు సందేహం లేదు. నా అభ్యంతరం వేరు.

బీమా సంస్థ ప్రతి ఆసుపత్రితోనూ ముందే బేరమాడి, ఏ శస్త్రచికిత్సకు ఎంత చెల్లించాలో ఒప్పందం చేసుకుంటుంది. ఆ బేరంలో దానికి ఉన్న బలం ఒక్కటే: “మీరు తగ్గకపోతే మా పాలసీదారులను పక్క ఆసుపత్రికి పంపుతాం” అనగలగడం. పక్క ఆసుపత్రి కూడా అదే యజమానిదైతే ఆ మాటకు విలువ ఉండదు. పైగా పెద్ద గొలుసు సంస్థను జాబితా నుంచి తొలగిస్తే ఆ నగరంలో పాలసీ కొనేవాడే ఉండడు. కనుక బీమా సంస్థ తలవంచుతుంది. ఒప్పుకున్న అధిక ధర క్లెయిముల ఖర్చులో చేరుతుంది; ఆ ఖర్చు మరుసటి ఏడాది ప్రీమియంలో చేరుతుంది. ఆసుపత్రి గుమ్మం తొక్కనివాడు కూడా దానిని చెల్లిస్తాడు.

బీమా సంస్థలు అమాయకులని నేను అనడం లేదు. క్లెయిములలో కోతలు కోయడంలో వాటి నైపుణ్యం మీకు తెలియనిది కాదు. 2025 ఆగస్టులో ఆసుపత్రుల సంఘమొకటి, బజాజ్ అలయన్జ్ పాలసీదారులకు నగదు రహిత చికిత్స నిలిపివేయాలని తన సభ్యులకు సూచించింది. చెల్లింపులు చాలడం లేదని ఒకరు, బిల్లులు మితిమీరుతున్నాయని మరొకరు. ఎద్దులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగినట్లు, నలిగిపోయినవాడు మాత్రం పాలసీదారుడు.

“ఆసుపత్రులు కలిస్తే మందులు, పరికరాలు మొత్తంగా కొంటాయి, ఖర్చు తగ్గుతుంది” అని విలీనాలను సమర్థించేవారు చెబుతారు. తగ్గవచ్చు. తగ్గినది ఎవరి జేబులోకి పోతుందన్నదే ప్రశ్న. అమెరికాలో ఈ విలీనాలపై వచ్చిన పరిశోధనలను గేనర్, టౌన్ అనే ఆర్థికవేత్తలు 2012లో సమీక్షించారు. అప్పటికే కొద్ది ఆసుపత్రులే ఉన్నచోట విలీనం జరిగితే ధరలు గణనీయంగా పెరిగాయనీ, చాలా సందర్భాలలో ఆ పెరుగుదల 20 శాతాన్ని మించిందనీ తేల్చారు. కొన్నేళ్ళలో అధిక ధరకు అమ్ముకుని వెళ్ళాలనే ఉద్దేశంతో కొన్న పెట్టుబడి సంస్థ, మిగిలిన సొమ్మును రోగికి పంచిపెడుతుందని నమ్మమంటే నమ్మడం కష్టం.

ఈ విషయం మన బోధన్ ప్రాంతపు రైతుకు వేరుగా బోధించనక్కరలేదు. చెరకు ప్రాంతాన్ని ఒక ఫ్యాక్టరీకి కేటాయించిన తరువాత కొనేవాడు ఒక్కడే. కోసిన చెరకు నిలవ ఉండదు. బేరమాడే వ్యవధి లేదు. అందుకే 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు కింద కేంద్రం కనీస ధర నిర్ణయిస్తూ వస్తున్నది. నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది గాని, ఆ సూత్రం మూతపడలేదు. గుండెపోటు వచ్చిన మనిషి పరిస్థితి కోసిన చెరకు కంటే మెరుగైనదా? అతనికీ వ్యవధి లేదు, ఎంపిక లేదు. ఒక్కడే కొనేచోట రైతుకు కనీస ధర కట్టిన ప్రభుత్వం, ఒక్కడే అమ్మేచోట రోగికి గరిష్ఠ ధర ఎందుకు కట్టదు?

చట్టం లేక కాదు. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం మన తెలంగాణకూ వర్తిస్తుంది. దాని కింద 2012లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఆసుపత్రి తన ధరలను స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ ప్రదర్శించాలి. కేంద్రం రాష్ట్రాలతో సంప్రదించి నిర్ణయించిన పరిధిలోనే వసూలు చేయాలి. ఆ పరిధి పన్నెండేళ్ళైనా నిర్ణయం కాకపోవడంతో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని గట్టిగా మందలించింది. ఇక బీమా నియంత్రణ సంస్థ. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉన్నది. వృద్ధుల ప్రీమియం ముందస్తు సంప్రదింపు లేకుండా ఏడాదికి 10 శాతం మించి పెంచరాదని 2025 జనవరిలో ఆదేశించింది. మేలే చేసింది. కానీ ఆసుపత్రి బిల్లుపై దానికి అధికారం లేదు. మూత బిగించి మంట తగ్గించకపోతే కుండ ఏమవుతుంది?

స్టెంటుకు ధర కట్టలేమని ఏళ్ళ తరబడి చెప్పినవారే, 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం కట్టిన తరువాత స్టెంట్లు వేస్తూనే ఉన్నారు. కట్టదలచుకుంటే కట్టవచ్చు.

నా దృష్టిలో ప్రైవేటు గొలుసులకు అసలైన పోటీ మరో ప్రైవేటు గొలుసు కాదు, పనిచేసే ప్రభుత్వ ఆసుపత్రి. నిజామాబాద్‌లో వైద్య కళాశాల 2013లో ప్రారంభమైంది. అక్కడ క్యాథ్ ల్యాబు రాత్రి పన్నెండింటికి కూడా పనిచేసి, నిపుణుడు అందుబాటులో ఉంటే, డిచ్‌పల్లి మనిషి 44వ జాతీయ రహదారి మీద 150 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణించి ఎవరి ధరకో తలవంచే అవసరం ఉండదు. దానికి బదులు 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. బకాయిలు అందలేదని 2025 సెప్టెంబరులో ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలను కొన్నాళ్ళు నిలిపివేశాయి. సొంత ఆసుపత్రిని బలపరచకుండా పరుల ఆసుపత్రికి డబ్బు కట్టే ప్రభుత్వానికి కూడా, మీకూ నాకూ లాగే, బేరమాడే బలం ఉండదు.

ఈసారి పాలసీ పునరుద్ధరించే ముందు ఒక పని చేయండి. బీమా సంస్థను నెట్‌వర్క్ ఆసుపత్రుల జాబితా అడగండి. నిజామాబాద్‌లోనివి ఒకవైపు, హైదరాబాద్‌లోనివి మరొకవైపు రాసుకోండి. ఒక్కొక్క దాని యజమాని ఎవరో కనుక్కొని, ఒకే యజమానివి ఎన్ని ఉన్నా ఒక్కటిగానే లెక్కించండి. ఆ కాగితాన్ని దాచి, మరుసటి ఏడాది జాబితాతో పోల్చి చూడండి. సంఖ్య తగ్గి ప్రీమియం పెరిగితే, ఆ రెండు కాగితాలూ జతచేసి మీ శాసనసభ్యునికీ, పార్లమెంటు సభ్యునికీ లేఖ రాయండి. నకలు నాకు పంపితే భద్రపరుస్తాను.