పాత బండికి పాత ఫోర్కులే

1965లో శామీ మిల్లర్ స్పెయిను దేశపు బుల్టాకో షెర్పాపై స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచినాడు. అట్టి పాత బండ్లను బాగుచేయువారు కొందరు నేడు ముందు ఫోర్కులనే తీసివేసి కొత్త రకపువి బిగించుచున్నారు. ఇది మాకు సమ్మతము కాదు. ఫోర్కు మారినచో చక్రపు వాలు మారును. మిల్లర్ తీర్చిన నడక మిగలదు.

ట్రయల్స్‌లో వేగముతో పని లేదు, కాలు నేల మోపుటయే దోషము. చక్రము రాతిని అంటిపెట్టుకొని సాగవలెను. ఫోర్కు బిగుసుకొనుటకు కారణము తరచుగా వంగిన గొట్టమో, అరిగిన బుష్షో, ఏండ్ల తరబడి మార్చని నూనెయో! చిక్కని నూనె పోసి లోపమును కప్పిపుచ్చుట చికిత్స కాదు. గొట్టములను సరిచేయించి, తుప్పు పట్టినచోట మరల క్రోమియము పూయించి, కొత్త సీళ్ళు వేసి, రెండు కాళ్ళలోను నూనె మట్టము సమముగా ఉంచవలెను. ఆ పిమ్మట కుంగిన స్ప్రింగులకు బదులు కాస్త గట్టివి వేసినను మాకు అభ్యంతరము లేదు.