ఆకాశమున వింత, కచ్చేరీలో మౌనము

మచ్చ బొల్లారము వారికి ఆకాశమున విమానము వింత కాదు. హకీంపేట వైమానిక స్థావరపు శిక్షణ విమానముల రొద వారి చెవులకు చిరకాల పరిచితము. కాని 2022 డిసెంబరు 7 వ తేదీన హైదరాబాదు పరిసరముల గగనమున తోచిన తెల్లని గోళము ఆ కోవలోనిది కాదు. రెక్కలు లేవు, రొద లేదు, కదలుచున్నదో నిలిచియున్నదో తెలియదు. ఇది గ్రహాంతరవాసుల ఎగురు పళ్ళెమను మాట చూచుచుండగనే వ్యాపించినది. వికారాబాదు జిల్లా మర్పల్లి మండలములోని మొగిలిగుండ్ల పొలములలో ఆ వింత వస్తువు దిగగా జనులు గుమిగూడిరి.

తుదకు తేలినదేమన, అది స్పెయిను దేశపు హేలో స్పేస్ అను సంస్థ యాత్రికులను ఆకాశపు పైపొరలకు గొనిపోవలెనను తలంపుతో చేయించిన వాహనపు నమూనా. అందు మనుష్యుడు లేడు. దానిని పైకి పంపినది హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రము.

జనులను చూచి నవ్వినవారు కలరు. మేము నవ్వజాలము. కంటికి కనబడినదానిని గూర్చి ఇదేమియని అడుగుట మౌఢ్యము కాదు. చెప్పవలసిన మాట ఊరికి చేరకపోవుటయే లోపము.

ఆ కేంద్రమువారి పనిలో దాపరికమేమియు లేదు. పలుచని ప్లాస్టిక్కు పొరతో చేసిన బెలూనులు ముప్పది, నలువది కిలోమీటర్ల యెత్తునకు పోయి, పిమ్మట పరికరములను పారాచూటుతో నేలకు దింపును. దొరకిన పెట్టెలను విప్పవద్దనియు, సమీపమందలి పోలీసు ఠాణాకు గాని తమకు గాని తెలుపవలసినదనియు వారు ప్రకటనలు చేయుట కలదు. పైలోకముల జీవులను గూర్చిన ప్రశ్నను గూడ ఈ నగరమునుండియే బహిరంగముగా అడిగిరి! జయంత్ నార్లికర్ ప్రభృతులు 2001 లోను, ఇస్రో ఆధ్వర్యమున మరల 2005 లోను, బెలూనులతో పైయాకాశపు గాలిని పట్టి తెప్పించిరి. రెండవ మారు మూడు క్రొత్త సూక్ష్మజీవి జాతులు దొరకినవని 2009 లో ప్రకటించిరి. ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టిరి. అవి భూమికి వెలుపలినుండి వచ్చినవని రుజువైనట్లు మాత్రము వారు చెప్పలేదు. తెలిసినంత చెప్పి, తెలియనిచోట ఆగిరి గనుక వారి మాటకు విలువ కలదు.

అమెరికా ప్రభుత్వమువారి త్రోవ వేరు. 1947 లో రాస్‌వెల్ వద్ద దొరకిన శకలములను ఎగురు పళ్ళెమని మొదట సైనికాధికారులే ప్రకటించి, వెంటనే కాదు, వాతావరణపు బెలూననిరి. రష్యావారి అణుపరీక్షల జాడ కనుగొనుటకై పంపిన రహస్యపు బెలూనుల వరుస అదియని ఒప్పుకొనుటకు 1994 వరకు పట్టినది. 1950, 1960 దశకములలో ప్రజలు తెలిపిన వింతలలో సగమునకు పైగా తమ గూఢచార విమానములేయని వారి వేగు శాఖ చరిత్రకారుడు 1997 లో వ్రాసెను. అది ఎరిగియు నాటి అధికారులు మంచు స్ఫటికములనియు, గాలి వేడిమిలోని మార్పులనియు చెప్పి పంపిరి. ఇన్ని మారులు బొంకినవారు 2024 మార్చిలో, గ్రహాంతరవాసుల యంత్రములు తమయొద్ద ఉన్నవనుటకు ఆధారము లేదని నివేదిక ప్రకటించిరి. ఆ మాట నిజమేయని మా అభిప్రాయము. అయినను నమ్మనివారిని తప్పుపట్టు అర్హత వారికెక్కడిది?

ఇది పరదేశపు ముచ్చటయని త్రోసివేయరాదు. 1948 లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు నిజాము ప్రభుత్వమునకు ఆయుధములు చేరవేయుచు కరాచీనుండి రాత్రివేళల బీదరు, వరంగల్లు విమానస్థలములకు వచ్చెడివాడు. ఆ చీకటిలో తలపై రొద విన్న పల్లెవాడు శంకించుట అన్యాయమా? అతని శంక సరియైనదే. దాచినది దేవతలను గాదు, తుపాకులను! ఆకాశపు రహస్యముల వెనుక తరచుగా ఉండునది మానవుడే. పరలోకపు కథలమీద విశ్వాసము లేకయే ప్రభుత్వపు మౌనమును శంకింపవచ్చును.

స్వరాజ్యము వచ్చిన తరువాతనైనను ఈ అలవాటు పోయినదా? 2023 నవంబరు 19 వ తేదీన ఇంఫాల్ విమానాశ్రయముపై గుర్తు తెలియని వస్తువు కనబడినదని విమానముల రాకపోకలు గంటలకొలది నిలిపిరి. గగనరక్షణ యంత్రాంగమును మేల్కొలిపితిమనియు, ఆ వస్తువు తరువాత కానరాలేదనియు వైమానిక దళమువారు క్లుప్తముగా చెప్పిరి. ఏమి వస్తువు? ఎవరిది? ఆ ప్రకటనలో లేదు. లడఖ్ సరిహద్దున మన సైనికులు వింత వెలుగులని నెలలకొలది వ్రాసికొన్నవి గురు, శుక్ర గ్రహములని 2013 లో ఖగోళ శాస్త్రజ్ఞులు తేల్చిరి. అది బయటపడినందున సైన్యమునకు వచ్చిన నష్టమేమి?

శత్రువునకు ఉపకరించు సంగతులు దాచవలసినదే. కాదనువారు లేరు. కాని తెల్లదొరలు తమ భద్రతకై 1923 లో చేసికొన్న అధికార రహస్యముల చట్టము నేటికిని మన నెత్తిపై నున్నది. 2005 నాటి సమాచారపు హక్కు చట్టము ఇరువదియేండ్లు దాటిన పలు సంగతులను తెలుపుమనుచున్నను, దేశభద్రతయను పేరున దాచినదానికి ఆ గడువు వర్తింపదు. గడువులేని తాళమును గూర్చియే మా ఆక్షేపణ. ఆకాశపు వింతలనుగూర్చి సేకరించిన పత్రములను బ్రిటిషు రక్షణశాఖ 2008 మొదలు 2013 వరకు విడతలుగా బయటపెట్టినది. ఫ్రాన్సు అంతరిక్ష సంస్థ 2007 నుండి ప్రకటించుచున్నది. ఆ దేశములు మునిగిపోలేదు. ఇట్టి పత్రములకు పదియేండ్ల గడువు నియమించి, అటుపై దాచవలసినచో కారణము వ్రాసి పార్లమెంటు ముందుంచవలెనని చట్టసభలలోని మన ప్రతినిధులు కోరవలెను.

చట్టము మారుటకు కాలము పట్టునేమో. బెలూను ఎగురుటకు ముందు, అది దిగగల జిల్లాలలోని గ్రామ పంచాయతీ కార్యాలయముల గోడలపై బొమ్మతో గూడిన తెలుగు ప్రకటన అంటించుటకు మాత్రము ఢిల్లీ అనుమతి అక్కరలేదు.