చికిత్సకు ముందే అడగవలసిన ప్రశ్న

పెండ్లి కావలసిన అమ్మాయికో, పిల్లలు లేని ఇల్లాలికో క్యాన్సర్ అని తెలిసిననాడు ఇంటిల్లిపాదికీ ఒకటే ఆరాటం: ప్రాణం దక్కితే చాలునని. అది న్యాయమే. అయితే ఆ ఆరాటంలో మరుగునపడే ప్రశ్న ఒకటున్నది. ‘చికిత్స తరువాత ఈమెకు సంతానయోగం మిగులుతుందా?’ మొదటి కీమోథెరపీకి ముందే దీనిని అడిగి తీరవలెనని నా నిశ్చితాభిప్రాయం.

స్త్రీ తన అండాలన్నింటితోనే జన్మిస్తుంది. సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు, పొత్తికడుపుపై ఇచ్చే రేడియేషన్ ఆ నిల్వను హరిస్తాయి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు.

ముందుగా అడిగినవారికి మార్గాలున్నవి. ఇంజెక్షన్లతో అండాలను పెంచి, వెలికితీసి, అతిశీతల స్థితిలో భద్రపరచవచ్చును. వివాహితలు పిండాలుగానూ దాచుకొనవచ్చును. ఇందుకు సుమారు రెండు వారాలు పడుతుంది. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి ఆ సమయంలో ఈస్ట్రోజెన్ అధికం కాకుండా లెట్రోజోల్ మాత్రలు జతచేస్తారు. రజస్వల కాని బాలికలకు అండాశయపు కణజాలాన్ని తీసి దాచే పద్ధతి కలదు. అట్లు దాచిన కణజాలాన్ని తిరిగి అమర్చుకొన్న మహిళ 2004లో బెల్జియంలో బిడ్డను కన్నది.

గర్భం దాల్చితే వ్యాధి తిరగబెడుతుందని భయపడేవారు కలరు. హార్మోన్లతో పెరిగే రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతూ, సంతానం కోసం మాత్రలను తాత్కాలికంగా ఆపిన సుమారు 500 మందిని పరిశీలించిన ఫలితాలు 2023లో వెలువడినవి. తొలి మూడు, నాలుగేండ్లలో వ్యాధి తిరగబెట్టడం పెరుగలేదని తేలింది. అయినా వైద్యుని అనుమతి లేనిదే మాత్రలు ఆపరాదు.

శతావరి, అశ్వగంధ బలకరములని ఆయుర్వేదం చెబుతుంది. కానీ కీమోథెరపీ నుండి అండాలను కాపాడుతుందని ఎవరైనా కషాయమో లేహ్యమో ఇవ్వజూపితే నమ్మరాదు. చికిత్సాకాలంలో ఏ మూలికనైనా క్యాన్సర్ వైద్యునికి చెప్పిన పిదపనే వాడవలెను.

తీవ్రమైన రక్తక్యాన్సర్ వంటి వ్యాధులలో రెండు వారాల గడువు దొరకకపోవచ్చును. ఖర్చూ తక్కువ కాదు. అన్నీ విచారించిన తరువాత ‘వద్దు’ అనుకొనుట వేరు, అడగనే లేకపోవుట వేరు. పెండ్లి కాని పిల్ల ముందు ఆ మాట ఎట్లా ఎత్తుతామన్న మొహమాటం తల్లిదండ్రులు విడువవలెను. అత్తమామలు తీర్పులు చెప్పరాదు. ఆ శరీరం ఆమెది, నిర్ణయమూ ఆమెదే. వైద్యుని వద్దకు వెళ్ళునపుడు ఈ ప్రశ్నను ఒక చీటీపై వ్రాసుకొని వెళ్ళండి.