వంటింటి మాట: వెల్లుల్లి కాడ

జూన్ వచ్చింది. న్యూయార్క్, వెర్మాంట్, మిషిగన్ వైపు ఉన్నవాళ్లు ఈ నెల రైతుబజారుకు వెళ్లి చూడండి. జిలేబీలా మెలితిరిగిన ఆకుపచ్చ కాడలు కట్టలుగా కనబడతాయి. పక్కన బోర్డు మీద 'గార్లిక్ స్కేప్స్' అని ఉంటుంది. తెలుగులో ఏమందాం?

ఉల్లికాడ మీకు తెలిసిన మాటే. అదే దారిలో వెల్లుల్లి కాడ అనండి, అందరికీ అర్థమవుతుంది. ఆకునో పువ్వునో మోసేది కాడ.

ఇది వెల్లుల్లి పూకాడ. అక్టోబరులో నాటిన మొక్క వేసవి మొదట్లో దీన్ని వేస్తుంది. తుంచకపోతే బలం పువ్వుకు పోతుంది, నేలలో గడ్డ చిన్నదవుతుంది. కాలిఫోర్నియాలో ఎక్కువగా పండే రకం సాధారణంగా ఈ కాడ వేయదు. అక్కడున్న మన ఫిజీ కుటుంబాలు ఉల్లికాడలకు 4 వెల్లుల్లి రెబ్బలు కలిపి ఈ పచ్చడి చేసుకోవచ్చు.

10 కాడలు కడగండి. మొగ్గ పైనున్న పీచు కొస తీసేసి, మిగతాది అంగుళం ముక్కలు కోయండి. మూకుడులో 2 చెంచాల నూనె వేసి, చెంచా మినప్పప్పు, 6 ఎండుమిరపకాయలు, అర చెంచా జీలకర్ర వేయించి తీయండి. అదే మూకుడులో కాడలు సన్న సెగ మీద మగ్గనివ్వండి. పచ్చి కాడ ఘాటుగా ఉంటుంది, మగ్గితే కమ్మగా మారుతుంది. పప్పు, మిరపకాయలు ఉప్పుతో ముందు దంచండి. నానబెట్టిన కొంచెం చింతపండు, తరువాత కాడలు వేసి కచ్చాపచ్చాగా నూరండి. ఆవాలు, కరివేపాకు తాలింపు పెట్టండి. వేడి అన్నంలో నెయ్యితో తినండి.

మరి వెల్లుల్లిని మీ ఇంట్లో ఏమంటారు? కోస్తాలో ఎక్కువగా వెల్లుల్లి, రాయలసీమలో తెల్లగడ్డ, తెలంగాణలో ఎల్లిగడ్డ. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీకి వెళ్లిన కూలీల వలస పాసుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా రాశారు. వంటింట్లో వాళ్లు ఏ మాట వాడేవారో ఏ గుమాస్తా రాయలేదు. మీ పెద్దలు ఫిజీకి వెళ్లినా, నటాల్‌కు, మారిషస్‌కు వెళ్లినా, ఆ మాట ఇంటివాళ్ల నోటిలోనే మిగిలింది. పాసు దొరకని కుటుంబానికి ఒక్కోసారి అదే ఊరివైపు దారి చూపవచ్చు.

ఈ నెల పని ఇది. ఒక వెల్లుల్లి గడ్డ చూపించి, "అమ్మమ్మా, దీన్ని మీరు ఏమంటారు?" అని అడగండి. మీరు ముందు మాట అందించకండి. ఆమె అన్నది అన్నట్టే తెలుగులో రాసి, తేదీ వేసి దాచుకోండి.