ఓడినవాడి పక్కన ఎవరున్నారు?

2002 జూన్ 30. జపాన్‌లోని యొకొహామా నగరం. ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్లో జర్మనీని 2-0 గోల్స్‌తో ఓడించిన బ్రెజిల్ ఆటగాళ్లు మైదానం మధ్యలో ఒకరి చేయి ఒకరు పట్టుకొని వలయంగా మోకరించి ప్రార్థన చేశారు. కొందరి చొక్కాల కింద యేసు నామం రాసుకున్న బనియన్లు బయటపడ్డాయి. టీవీలో ఆ దృశ్యం చూసి సంతోషించని విశ్వాసి ఉండడు. ప్రసంగానికి అంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

అదే మైదానంలో, అదే సమయంలో, ఒక గోల్‌పోస్టుకు ఆనుకొని ఒక మనిషి కూలబడి ఉన్నాడు. జర్మనీ గోల్‌కీపర్ ఆలివర్ కాన్. ఆ టోర్నమెంట్‌లో ఫైనల్ దాకా అతను ఇచ్చుకున్నది ఒకే ఒక్క గోల్. జర్మనీ అంత దూరం వచ్చిందంటే చాలావరకు అతని చేతుల చలవే. అలాంటిది 67వ నిమిషంలో రివాల్డో కొట్టిన బంతి అతని చేతుల్లోంచి జారింది. కాచుకొని ఉన్న రొనాల్డో దాన్ని గోల్‌లోకి నెట్టేశాడు. ఆ మ్యాచ్‌లోనే కాన్ వేలికి గాయమైంది. కానీ ఓటమికి దాన్ని సాకుగా చూపించడానికి అతను ఒప్పుకోలేదు. తప్పు నాదే అన్నాడు, ఊరుకున్నాడు.

మైదానం మధ్యలోని ప్రార్థన వలయాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. గెలిచినప్పుడు దేవుణ్ణి మరిచిపోయేవాళ్లే ఎక్కువైన లోకంలో అది మంచి సాక్ష్యమే. మా ప్రశ్నల్లా మన చూపు గురించి. మనందరం వలయాన్ని చూశాం. గోల్‌పోస్టు దగ్గర కూర్చున్న మనిషిని ఎందరం చూశాం?

క్రీడాస్ఫూర్తి అనగానే ఓడినవాడికే బుద్ధులు చెప్పడం అలవాటు. ఏడవకు, గెలిచినవాడికి చేయి కలుపు, రిఫరీని తిట్టకు, ఇంకా బాగా సాధన చెయ్యి. ఇవన్నీ మంచి మాటలే. అయితే ఓటమిని మోయాల్సినవాడు అతనొక్కడేనా? చుట్టూ ఉన్నవాళ్లకు ఏ బాధ్యతా లేదా? ఫుట్‌బాల్ చరిత్రలో ఈ ప్రశ్నను గట్టిగా అడిగిన మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు మొవసీర్ బార్బోసా.

1950లో ప్రపంచకప్ బ్రెజిల్‌లోనే జరిగింది. ఆ ఏడాది చివరి దశలో నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడాలి. బ్రెజిల్ స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో చిత్తు చేసింది. ఆఖరి మ్యాచ్ ఉరుగ్వేతో. డ్రా చేసుకున్నా కప్పు బ్రెజిల్‌దే. జులై 16న రియోలోని మరకానా స్టేడియంలో టికెట్టు కొని కూర్చున్నవాళ్లే 1,73,850 మంది. మొత్తం మీద రెండు లక్షలకు దగ్గరగా ఉంటారని అంచనా. ఆట మొదలు కాకముందే విజేతలు మనవాళ్లే అని రాసేసిన పత్రికలున్నాయి. రెండో సగం మొదట్లోనే బ్రెజిల్ గోల్ కొట్టింది. స్టేడియం ఊగిపోయింది. 66వ నిమిషంలో ఉరుగ్వే స్కోరు సమం చేసింది. 79వ నిమిషంలో గిజ్జా అనే ఆటగాడు కుడివైపు నుంచి దూసుకొచ్చాడు. మొదటి గోల్ అప్పటిలాగే బంతిని మధ్యలోకి అందిస్తాడనుకొని గోల్‌కీపర్ బార్బోసా ఒక అడుగు ముందుకు జరిగాడు. గిజ్జా అందించలేదు. బార్బోసాకూ గోల్‌పోస్టుకూ మధ్యనున్న సందులోంచి నేరుగా కొట్టాడు. స్కోరు 2-1. అంతమంది నిండిన స్టేడియం శ్మశానంలా మారిపోయింది.

అప్పటికి బ్రెజిల్ మేటి గోల్‌కీపర్లలో ఆయన ఒకడు. ఒక్క అడుగు తప్పింది. ఆ ఒక్క అడుగుకు దేశం వేసిన శిక్ష ఎంత కాలం సాగిందో చూడండి. ఇరవై ఏళ్ల తర్వాత ఒక దుకాణంలో ఒక తల్లి ఆయనను తన కొడుక్కి చూపించి, దేశమంతటినీ ఏడిపించిన మనిషి ఇతడే అని చెప్పిందట. ఈ సంగతి బార్బోసాయే తర్వాత చెప్పుకున్నాడు. మరకానాలోని పాత చెక్క గోల్‌పోస్టులు ఆయన చేతికి వస్తే వాటిని పొయ్యిలో పెట్టి కాల్చేశాడని బ్రెజిల్‌లో చెప్పుకుంటారు. 1993లో ఆయన జాతీయ జట్టు శిక్షణ శిబిరానికి వెళితే దురదృష్టం అంటుకుంటుందన్న భయంతో లోపలికి రానివ్వలేదు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. మా దేశ చట్టంలో అతిపెద్ద శిక్ష ముప్పయ్యేళ్లే, నేను యాభై ఏళ్లుగా అనుభవిస్తున్నాను అన్న అర్థంలో ఆయన అన్న మాట ప్రపంచమంతా తిరిగింది. 2000 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆ ఓటమి తర్వాత బ్రెజిల్ తన తెల్ల చొక్కాను వదిలేసి ఇప్పటి పసుపు చొక్కా తొడుక్కుంది. చొక్కా మార్చుకున్నారు, మనిషిని మాత్రం క్షమించలేదు.

ఆ రోజు ఓడింది పదకొండు మంది. నింద మాత్రం ముగ్గురి మీద పడింది. బార్బోసా, బిగోజి, జువెనాల్. ముగ్గురూ నల్లవాళ్లే. ప్రపంచకప్‌లో మళ్లీ ఒక నల్లజాతి ఆటగాడు బ్రెజిల్‌కు ప్రధాన గోల్‌కీపర్ కావడానికి 2006 దాకా, దీదా వచ్చేదాకా, పట్టింది. ఓటమి నింద ఎప్పుడూ ఊళ్లో అందరికన్నా చిన్న గుమ్మాన్నే వెతుక్కుంటూ వెళుతుంది. ఇది బ్రెజిల్ సంగతి మాత్రమే అనుకోకండి. కులాన్ని గుడి బయటే వదిలేశామని చెప్పుకునే మన సంఘాల్లో ఏదైనా పని చెడినప్పుడు మొదట ఎవరి పేరు వినిపిస్తుందో ఎవరికి వారు జ్ఞాపకం చేసుకుంటే చాలు.

ఇక అదే రాత్రి జరిగిన ఇంకో సంగతి. ఉరుగ్వే కెప్టెన్ ఒబ్దూలియో వరేలా. రెండు లక్షల మంది హోరుకు బెదరకుండా జట్టును నడిపించిన మొండిఘటం. గెలిచిన రాత్రి హోటల్లో సంబరాలు జరుగుతుంటే ఆయన అక్కడ ఉండలేదు. రియో వీధుల్లోకి వెళ్లాడు. అక్కడి పానశాలల్లో ఏడుస్తున్న బ్రెజిల్ జనం మధ్య కూర్చున్నాడు. వాళ్లతో కలిసి తాగుతూ తెల్లవార్లూ గడిపాడు. ఇంత బాధ నావల్లే కదా అని తనకు అనిపించిందని తర్వాత చెప్పాడు. పానశాల మాట చెప్పినందుకు పెద్దలు మమ్మల్ని మన్నించాలి. కానీ ఏడ్చేవారితో కలిసి ఏడవమని రోమాలోని విశ్వాసులకు పౌలు రాసిన మాటను (రోమా 12:15) ఆ రాత్రి రియోలో పాటించింది ఎవరు? తన దేశస్థుణ్ణి యాభై ఏళ్లు వెలివేసినవాళ్లా, శత్రుజట్టు కెప్టెనా?

కాలం మారింది, మనుషులు మారారు అంటారు. 2021 జులై 11న లండన్‌లోని వెంబ్లీలో యూరో కప్ ఫైనల్. ఇటలీతో ఆట 1-1తో ముగిసి పెనాల్టీల దాకా వెళ్లింది. ఇంగ్లండ్ తరఫున రాష్‌ఫర్డ్, సాంచో, సాకా ముగ్గురూ గోల్ చేయలేకపోయారు. ఆఖరి పెనాల్టీ కొట్టిన బుకాయో సాకాకు అప్పటికి 19 ఏళ్లు. ముగ్గురూ నల్లజాతి యువకులే. ఆ రాత్రే వాళ్ల సెల్‌ఫోన్లలోకి బూతులు వరదలా వచ్చిపడ్డాయి. అంటే 71 ఏళ్ల తర్వాత కూడా నింద అదే గుమ్మం వెతుక్కుంది.

అయితే ఈసారి ఇంకొకటి కూడా జరిగింది. కోచ్ గారెత్ సౌత్‌గేట్ నేరుగా సాకా దగ్గరికి వెళ్లి అతన్ని గుండెకు హత్తుకున్నాడు. పెనాల్టీలు ఎవరు కొట్టాలో నిర్ణయించింది నేను, బాధ్యత నాదే అని విలేకరుల ముందు చెప్పాడు. ఆయనకు ఆ బాధ కొత్త కాదు. 1996లో అదే వెంబ్లీలో జర్మనీతో జరిగిన సెమీఫైనల్లో పెనాల్టీ పోగొట్టింది ఆయనే. మాంచెస్టర్‌లో గోడ మీద గీసిన రాష్‌ఫర్డ్ బొమ్మను ఎవరో పాడుచేస్తే, ఊరివాళ్లు చీటీల మీద ప్రేమగా నాలుగు మాటలు రాసి తెచ్చి ఆ మచ్చలు కనిపించకుండా అంటించారు. వాటిలో చిన్నపిల్లలు రాసినవీ ఉన్నాయి. 2024 యూరో కప్ క్వార్టర్ ఫైనల్లో స్విట్జర్లాండ్‌తో మళ్లీ పెనాల్టీల దాకా వెళ్లినప్పుడు సాకా ముందుకొచ్చి కొట్టాడు. గోల్ అయింది. రోజూ రాత్రి బైబిలు చదువుకుంటానని 2022 ప్రపంచకప్ సమయంలో చెప్పిన యువకుడు అతను. అతని విశ్వాసం అతన్ని నిలబెట్టింది, నిజమే. ఆ రాత్రి అతన్ని పట్టుకున్న రెండు చేతులు కూడా దేవుడు వాడుకున్నవే అని మేము నమ్ముతాం.

సౌత్‌గేట్ చేసిన పని మనకు ఎక్కడో చదివినట్టే అనిపించాలి. పేతురు ప్రధాన యాజకుని ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ ప్రభువును ఎరుగనని బొంకాడు (యోహాను 18:18). కోడి కూసింది. శిష్యుల్లో అంతకన్నా పెద్ద ఓటమి ఎవరికీ లేదు, యూదా సంగతి పక్కన పెడితే. పునరుత్థానం తర్వాత గలిలయ సముద్రపు ఒడ్డున యేసు ప్రభువు మళ్లీ అలాంటి బొగ్గుల మంటే వేయించి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి ఉంచాడు (యోహాను 21:9). ముందు భోజనం పెట్టాడు. సంభాషణ ఆ తర్వాతే. ఆ సంభాషణలో కూడా ఎందుకలా చేశావన్న ప్రశ్న లేదు. నన్ను ప్రేమిస్తున్నావా అన్నదే ప్రశ్న. చివరికి మందను అతనికే అప్పగించాడు. బ్రెజిల్‌లో బార్బోసా గోల్‌పోస్టులను కాల్చుకున్న మంట దగ్గరికి అలా భోజనానికి పిలిచేవాడు రాలేదు.

మన ప్రసంగాల గురించి కూడా ఒక మాట. పందెంలో పరుగెత్తేవారు అందరూ పరుగెత్తినా బహుమానం ఒక్కడికే అని పౌలు రాసిన వచనం (1 కొరింథీ 9:24) మీద మనం ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. కిరీటం గురించి చెబుతాం, సాధన గురించి చెబుతాం. ఆ పందెంలో మిగతావాళ్లు ఏమయ్యారన్నది ఎవరూ అడగరు. ఫుట్‌బాల్‌కు మన ప్రొటెస్టెంట్ సంఘాలతో పాత చుట్టరికమే ఉంది. బర్మింగ్‌హామ్‌లో 1874లో ఆస్టన్ విల్లా పుట్టింది ఒక వెస్లియన్ మందిరపు యువకులతో. లివర్‌పూల్‌లోని ఎవర్టన్ 1878లో ఒక మెథడిస్టు మందిరం జట్టుగా మొదలైంది. మందిరాల చేతుల్లో పుట్టిన ఆటలో ఓడినవాడికి మందిరంలోనే చోటు లేకపోతే ఎలా?

మన హైదరాబాదు ఇందులో తలెత్తుకొని నిలబడుతుంది. స్కూలు మాస్టారుగా పనిచేసి, హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకూ భారత జట్టుకూ కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం గారిని తలచుకోండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. పదికి ఒకటి! ఇవాళ అలా ఓడితే కోచ్ విమానం దిగేలోపే ఉద్యోగం ఊడుతుంది. అప్పుడు అలా జరగలేదు. బూట్లు తప్పనిసరి చేశారు, రహీం గారిని ఉంచుకున్నారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీం గారి జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. అక్కడ మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. ముందు గోల్ కొట్టింది మనమే, చివరికి 4-1తో ఓడాం. నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంత పైకి మళ్లీ ఎన్నడూ వెళ్లలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాను 2-1తో గెలిచి మన జట్టు స్వర్ణం తెచ్చింది. ఆ జట్టులో సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నాడు. తలకు కుట్లు వేయించుకొని వచ్చి ఆడిన జర్నైల్ సింగ్ ఉన్నాడు, ఫైనల్లో ఒక గోల్ అతనిదే. కేన్సర్‌తో బాధపడుతూ ఆ జట్టును నడిపించిన రహీం గారు మరుసటి ఏడాది జూన్‌లో చనిపోయారు.

పదికి ఒకటి ఓడి వచ్చిన మనిషిని ఆనాడు ఇంటికి పంపేసి ఉంటే ఈ కథలో ఒక్క వాక్యమైనా మిగిలేదా?

క్రిస్మస్ సెలవుల్లోనూ వేసవిలోనూ చాలా సంఘాలు యవ్వనస్థులకు ఆటల పోటీలు పెడుతుంటాయి. అది మంచి పని. అక్కడ గీత బయట నిలబడి మనం అరిచే అరుపులు పిల్లలకు ప్రసంగాలకన్నా బాగా గుర్తుంటాయన్నది పెద్దలు మరిచిపోకూడదు. నిర్వాహకులకు మా సూచన ఇది. బహుమతులిచ్చాక ముగింపు ప్రార్థన ఓడిన జట్టు కెప్టెన్ చేత చేయించండి. ఆ సాయంత్రం భోజనాల దగ్గర గెలిచిన జట్టు పిల్లలు వడ్డన చేయాలి. మొదటి విస్తరి ఓడిన జట్టు గోల్‌కీపర్‌కు వేయండి. కూర కాస్త ఎక్కువ పడినా ఎవరూ ఏమీ అనరు.