పనితనం ఉంది, కాగితం ఏదీ? విశాఖలో ఇంటి నుంచే ఎలక్ట్రికల్ కాంట్రాక్టు

విశాఖ స్టీల్ ప్లాంటులో వంద శాతం వాటా అమ్మడానికి కేంద్రం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో అదే కేంద్రం రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ప్లాంటు నిలబడుతుందన్న ఆశ వచ్చింది గానీ కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు ఆగలేదు. ఆ ఏడాది మే నెలలో వాళ్లు సమ్మెకు కూడా దిగారు. అలా బయటికొచ్చిన ఎలక్ట్రీషియన్ ముందున్న దగ్గరి దారి ఒకటే: గాజువాకలోనో, అక్కయ్యపాలెంలోనో ఇంటి గుమ్మానికి చిన్న బోర్డు పెట్టుకుని, బైకు మీద డ్రిల్లు మిషను వేసుకుని సొంతంగా పనులు పట్టడం. గల్ఫ్ నుంచి తిరిగొచ్చే మన కుర్రాళ్లలో చాలామందిదీ ఇదే ఆలోచన.

పనికైతే కరువు లేదు. సముద్రపు ఉప్పుగాలికి బయటి స్విచ్ బాక్సులు, ఎర్తింగ్ కనెక్షన్లు తొందరగా తుప్పు పడతాయి. పైగా 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే రూ.78,000 సబ్సిడీ ఉంది. అయితే రిజిస్టరైన వెండర్ పెడితేనే ఆ సబ్సిడీ వస్తుంది. ఒంటరి ఎలక్ట్రీషియన్ అక్కడ వెండర్ కింద రోజుకూలీకి పైపులు బిగించేవాడే.

చిక్కంతా ఇక్కడే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ మార్చడం లాంటి చిన్న పనులు ఎవరైనా చేయొచ్చు. కొత్త వైరింగు, ఉన్నదానికి అదనంగా లైను లాగడం లాంటివి మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టరే, పర్మిటున్న మనుషులతోనే చేయించాలి. దుబాయ్‌లో పదేళ్లు ప్యానెళ్లు కట్టిన అనుభవమైనా పర్మిటు లేకపోతే ఇక్కడ లెక్కలోకి రాదు. అందుకే చాలామంది పనంతా తాము చేసి, చివర్లో లైసెన్సున్నవాళ్ల దగ్గర సంతకం కొనుక్కుంటారు. లాభంలో వాటా పోవడం ఒకటి. రేపు షార్ట్ సర్క్యూట్ అయితే పని ఎవరు చేశారో చెప్పే కాగితమే ఉండదు, అది ఇంకా ప్రమాదం. ఇల్లు కట్టుకునేవాళ్లు కూడా "తెలిసిన అబ్బాయే కదా" అని ఊరుకోకుండా పర్మిటు అడగాలి.

డబ్బు సంగతి ఇంకా మెలికగా ఉంటుంది. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి రూ.20 లక్షల టర్నోవరు. మెటీరియల్‌తో కలిపి పని ఒప్పుకుంటే కేబుల్, స్విచ్‌ల ఖరీదు కూడా ఆ టర్నోవరులోనే పడుతుంది. ఒక ఇంటికి రూ.2 లక్షల ఒప్పందం, అందులో లక్షన్నర మెటీరియల్ అనుకోండి. అలాంటి ఇళ్లు పది చేస్తే హద్దుకు చేరిపోతాడు, చేతికి మిగిలేది మాత్రం ఇంటికి రూ.50 వేల కూలి, అదీ హెల్పరుకు ఇవ్వకముందు. దీనికి తోడు షాపులో అరువు మన పేరు మీద, బిల్లు బాకీ ఇంటాయన దగ్గర. వడ్డీ అప్పు వద్దనుకునే కుటుంబాలకు ఈ మధ్యకాలం మరీ కష్టం. మెటీరియల్‌ను ఇంటివాళ్ల పేరునే బిల్లు వేయించి, కూలి మాత్రం మాట్లాడుకునేవాళ్లు కాస్త తెలివైనవాళ్లు. అందులో మార్జిన్ పోతుంది, నిజమే. నిద్ర మిగులుతుంది.

ప్లాంటులో కాంట్రాక్టు పనైనా పీఎఫ్, ఈఎస్ఐ ఉండేవి. ఇంట్లో బోర్డు పెట్టుకున్నాక నిచ్చెన మీంచి జారితే ఆసుపత్రి ఖర్చూ తనదే, ఆ నెల సంపాదనా సున్నా. ఏడాదికి రూ.20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా రూ.2 లక్షలిస్తుంది గానీ అది ప్రమాదంలో చనిపోయినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా మాత్రమే. కాలు విరిగి రెండు నెలలు మంచాన పడితే పైసా రాదు.

చేతివృత్తుల వాళ్లకని 2023 సెప్టెంబర్ 17న తెచ్చిన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. పడవలు కట్టేవాళ్లు, వలలు అల్లేవాళ్లు, తాళాలు చేసేవాళ్లు ఉన్నారు. ఎలక్ట్రీషియన్ లేడు.