పెదవి కదలాలి

మా నాయనమ్మ రామకోటి పుస్తకం దేవుడి గదిలో ఉండేది కాదు. వంటింటి గూట్లో, పోపులపెట్టె పక్కన ఉండేది. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా పీట వాల్చుకుని కూర్చుని, గడికో ‘శ్రీరామ’ రాసుకుంటూ పోయేది. రాస్తున్నంతసేపూ పెదవులు కదిలేవి, మాట మాత్రం పైకి వినబడేది కాదు. ఎవరు పిలిచినా మొదలెట్టిన నామం పూర్తయ్యాకే పలికేది. ఆ పుస్తకం అంచుల మీద పసుపు వేలిముద్రలు ఇప్పటికీ పోలేదు.

జపానికి తీరిక ఎక్కడుందని అడిగేవాళ్లకు నేను ఆ పుస్తకమే చూపిస్తాను. తీరిక కోసం ఎదురుచూస్తే జన్మలో దొరకదు. దానికో వేళ పెట్టుకోవాలి. మిగతా పనులు ఆ వేళ చుట్టూ సర్దుకుంటాయి.

ఈమధ్య చాలా ఇళ్లలో పొద్దున్నే ఫోన్లో సుప్రభాతం, సాయంత్రం విష్ణు సహస్రనామం మోగుతున్నాయి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతు ఇంట్లో వినబడటం భాగ్యమే. నవవిధ భక్తుల్లో శ్రవణానిదే మొదటి చోటు కూడా. అయినా వినడం జపం కాదు. ఎవరి జపం వాళ్ల నోటితోనే చేసుకోవాలి.

జపం మూడు విధాలని పెద్దలు చెప్పారు. పైకి అనడం వాచికం, పెదవులు మాత్రం కదిలేది ఉపాంశువు, లోలోపల అనుకునేది మానసం. మానసమే అన్నిటికన్నా గొప్పదని మనుస్మృతి మాట. కానీ మనసు కుదురుకోనివాళ్లు దాంతో మొదలుపెడితే పదో పూస దాటకముందే ఆలోచన బజారున పడుతుంది. నోటితో అంటే చెవి వింటుంది, తప్పిపోయిన సంగతి వెంటనే తెలుస్తుంది. అందుకే పెదవితో మొదలుపెట్టమంటాను. బీజాక్షరాల మంత్రాలకు గురూపదేశం కావాలి. రామనామానికి, శివనామానికి అలాంటి నియమమేమీ లేదు.

త్యాగరాజస్వామి 96 కోట్ల రామనామం చేశారని సంప్రదాయంలో చెప్పుకుంటారు. రోజుకు లక్షా పాతికవేల చొప్పున 21 ఏళ్లు చేస్తే ఇంచుమించు ఆ లెక్కకు వస్తుంది. తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తికి వెళ్లినా, కీర్తన పాడినా ఆయన నోట ఉన్నది ఆ పేరే. మనకు అంత శక్తి లేదు. రోజుకు వెయ్యి చొప్పున రాసినా కోటి పూర్తికావడానికి 27 ఏళ్లు దాటుతుంది. దాటనివ్వండి.

లెక్క ఎందుకంటే, అది లేకపోతే బద్ధకించిన రోజు రెండు నామాలతో లేచిపోతాం. అంతకుమించి దానికి విలువివ్వను. ఈ వారం ఇన్ని లక్షలయ్యాయని గ్రూపుల్లో పోటీలు పడటం నాకు బొత్తిగా నచ్చదు. నాయనమ్మ ఏ రోజూ ఎన్నయ్యాయో ఎవరికీ చెప్పలేదు. పుస్తకం నిండితే పసుపు గుడ్డలో చుట్టి, భద్రాచలం వెళ్లేవాళ్ల చేతికిచ్చేది.

ఇంట్లో మాల ఉంటే బయటికి తీయండి. మధ్యవేలి మీద వేసుకుని బొటనవేలితో ఒక్కో పూసా జరపండి, చూపుడువేలు తగలకూడదు. 108 అయ్యాక మేరుపూస దాటకుండా వెనక్కి తిప్పండి. చిన్న నామమైతే ఎంత నిదానంగా అన్నా అయిదారు నిమిషాలకు మించదు. రేపు పొద్దున ఫోను చేతికి తీసుకోకముందే ఆ ఒక్క మాల పూర్తిచేయండి.